బయటి పుస్తకం

విమర్శ అంటే కవిత్వాన్నీ కథనూ నవలనూ తూచడమేనని మనలో చాలామంది అభిప్రాయం. ఇది ఎవరూ తీర్మానించినది కాదు. అలవాటు వల్ల స్థిరపడింది. కాని లక్షలాది తెలుగు యువతీయువకులు ఈనాడు చేతబట్టుకుని కూర్చుంటున్న పుస్తకాలు, లేదా చేతికందక వెతుక్కుంటున్న పుస్తకాలు, కావ్యాలూ కావు, నవలలూ కావు. అవి కంప్యూటర్ ప్రోగ్రామింగ్ పుస్తకాలు. వాటిమీద వాళ్ల అన్నం ఆధారపడి వుంది. యువతరం తన బతుకుతెరువు కోసం ఏ గ్రంథాలు చదువుతున్నదో, అవి ఎటువంటివో, అసలు దొరుకుతున్నాయో లేదో విచారించడం విమర్శకుని పని కాదనుకుంటే, ఆ మేరకు విమర్శకు ప్రజాజీవితంతో సంబంధం తెగిపోయినట్టే. ఈ వ్యాసం అటువంటి విచారణకు వొక చిన్న ప్రయత్నం.

కళాశాలలు తెరిచిన రోజుల్లో నేను మా పట్టణంలో వొక పుస్తకాల దుకాణానికి వెళ్లాను. నా వెంట వొక విద్యార్థి వున్నాడు. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో కంప్యూటర్లు తీసుకుని బి.యస్సీ. చదువుతున్నాడు. తండ్రి రైసుమిల్లులో హమాలీ. ఇంటర్మీడియట్ దాకా అతని చదువు తెలుగులో సాగింది. అతనికి డేటా స్ట్రక్చర్ల మీద, అంటే సమాచారాన్ని కంప్యూటరు జ్ఞాపకంలో ఏ పద్ధతిన పేరిస్తే ఏ పని సులువవుతుందో చెప్పే శాస్త్రం మీద, వొక మంచి పుస్తకం కావాలి. పేరు చెప్పగానే దుకాణదారు అడిగిన మొదటి ప్రశ్న ఇది:

“సిలబస్ పుస్తకమా, బయటి పుస్తకమా?”

“బయటిదేనండీ” అన్నాడు కుర్రవాడు, తప్పు వొప్పుకుంటున్నట్టుగా.

“బయటి పుస్తకాలు ఇక్కడ పోవు బాబూ. విజయవాడ వెళ్లి చూడు. లేదంటే ఫోన్లో ఆర్డరు పెట్టుకో.”

ఆ దుకాణం చిన్నదేమీ కాదు. మూడు గోడలకూ నేలనుంచి కప్పుదాకా పుస్తకాలే. సెమిస్టరు వారీ గైడ్లు, ప్రశ్నోత్తరాలు, పోటీపరీక్షల మెటీరియల్, బిట్లు. వాటిలో కంప్యూటర్ పేరున్నవి మూడు రకాలు కనబడ్డాయి. వొకటి, సెమిస్టరు గైడు. రెండు, ఆఫీసు పనులకు పనికివచ్చే ప్యాకేజీలు నేర్పే పుస్తకం. మూడు, ఉద్యోగ పరీక్షల్లో కంప్యూటరు గురించి అడిగే బిట్ల సంపుటి. ప్రోగ్రాము రాయడం ఎట్లాగో, అంతకంటే ముఖ్యంగా ప్రోగ్రాము రాసేటప్పుడు ఎట్లా ఆలోచించాలో చెప్పే పుస్తకం వొక్కటీ లేదు.

దుకాణదారును నేను తప్పు పట్టడం లేదు. అతని లెక్క అతనికుంది. కాని అతను అలవోకగా అన్న ఆ మాట, “బయటి పుస్తకం” అన్న మాట, నన్ను చాలా రోజులు వదలలేదు. దేనికి బయట? పరీక్షకు బయట. పరీక్షకు బయట వున్నదంతా దుకాణానికి బయట, పట్టణానికి బయట, చివరకు ఆ కుర్రవాని జీవితానికి బయట. విద్య పేరుతో మనం కట్టుకున్న ఈ గోడ ఎవరిని లోపల వుంచుతున్నది, ఎవరిని బయట వుంచుతున్నది అన్నదే అసలు ప్రశ్న.

ఇక్కడ వెంటనే మూడు ఆక్షేపణలు వస్తాయి. వాటిని దాటవేసి ముందుకు పోవడం నిజాయితీ కాదు.

మొదటి ఆక్షేపణ: అంతా ఇంటర్నెట్‌లో వుండగా అచ్చు పుస్తకం కోసం ఏడవడమేమిటి? ఈ వాదంలో నిజం లేకపోలేదు. ప్రోగ్రామింగ్ భాషలను తయారుచేసినవారే వాటి వివరణ గ్రంథాలను ఉచితంగా అందుబాటులో వుంచారు. ఉత్తమోత్తమ అధ్యాపకుల ఉపన్యాసాలు చూడవచ్చు. ఇంతటి జ్ఞానసంపద ఇంత చౌకగా మానవజాతికి గతంలో ఎన్నడూ దొరకలేదు. దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాడు మూర్ఖుడు.

కాని ఆ సంపద ఏ వాకిలిగుండా ఇంట్లోకి వస్తున్నదో కూడా చూడాలి. నా వెంట వచ్చిన కుర్రవానికి కంప్యూటరు లేదు. వున్నది అరచేతి వెడల్పు ఫోను. అదీ చెల్లెలితో పంచుకోవాలి. “ఫోన్లో ప్రోగ్రాము చదువుతుంటే పై వరస కనబడితే కింది వరస కనబడదు మాస్టారూ” అన్నాడు. ఇది బద్ధకస్తుని సాకు కాదు. ప్రోగ్రాము అనేది కథ కాదు, వొక వరస తర్వాత వొక వరస చదువుకుంటూ పోవడానికి. ఇరవయ్యో వరసలో వున్న సంగతి మూడో వరసను చూస్తేగాని అర్థం కాదు. రెంటినీ వొకేసారి కంటిముందు వుంచుకోవాలి. పైథాన్ భాషలోనైతే వరస మొదట్లో వదిలిన ఖాళీకి కూడా అర్థముంది. ఎక్కడ ఏ భాగం మొదలై ఎక్కడ ముగిసిందో ఆ ఖాళీయే చెబుతుంది. చిన్న తెర మీద పొడుగు వరస విరిగి కిందికి జారితే కొత్తగా నేర్చుకునేవాడు ఆ ఖాళీని పోల్చుకోలేడు. కాగితం మీద ఈ బాధ లేదు. నలభయ్యో పేజీలో వేలు పెట్టి నూట ఇరవయ్యో పేజీ చదవవచ్చు. అంచున పెన్సిలుతో రాసుకోవచ్చు. కాలేజీ ప్రయోగశాలలో దొరికిన గంటసేపు పుస్తకం పక్కన తెరిచిపెట్టుకుని, ఎదుట తెర మీద పనిచేయవచ్చు. రెండు తెరలున్న ఇంజనీరు అచ్చు పుస్తకం అక్కర్లేదంటే అర్థముంది. అర తెర వున్నవానికి అదే మాట చెప్పడం పరిహాసమవుతుంది.

ఆర్డరు పెట్టుకుంటే ఇంటికే వస్తుంది గదా అంటారు. వస్తుంది. కాని పుస్తకం ఎన్నుకోవడానికి పేజీలు తిప్పి చూడాలి. ఇది తన స్థాయికి తగినదా, తనకు అర్థమయ్యే ఇంగ్లీషులో వుందా అన్నది పది నిమిషాలు చదివితేగాని తెలియదు. డబ్బున్నవాడు తప్పు పుస్తకం కొనుక్కుని మరొకటి కొంటాడు. లేనివానికి మొదటి తప్పే చివరి తప్పు. పైగా దొంగ ముద్రణల బెడద వుంది. నేను తెప్పించుకున్న వొక పుస్తకంలో అరవైనాలుగో పేజీ తర్వాత ఎనభై ఒకటో పేజీ వచ్చింది. పూర్తిగా వొక ఫారం ఎగిరిపోయింది. నేను తిరిగి పంపగలిగాను. ఆ కుర్రవాడైతే పోయిన పదహారు పేజీల్లోని విషయం తన బుర్రకు ఎక్కడం లేదనుకుని తనను తానే నిందించుకునేవాడు.

రెండవ ఆక్షేపణ: ఈ విద్య రోజురోజుకూ మారుతుంది, అచ్చయ్యేలోగా పుస్తకం పాతబడుతుంది. ఇదీ సగం నిజమే. పైథాన్ మూడవ రూపం 2008 డిసెంబరులో వచ్చింది. రెండవ రూపానికి 2020 జనవరి 1తో మద్దతు ఆగిపోయింది. పాత పుస్తకంలో అచ్చు వేయమని ఆజ్ఞాపించే వరస కూడా కొత్త రూపంలో పనిచేయదు. అటువంటి పుస్తకాలు నిల్వ వుంచుకోవడానికి దుకాణదారు భయపడటం సహజం. కాని ప్రోగ్రామింగ్ గ్రంథాలన్నీ ఈ జాతివి కావు. డొనాల్డ్ నూత్ రచించిన ‘ది ఆర్ట్ ఆఫ్ కంప్యూటర్ ప్రోగ్రామింగ్’ మొదటి సంపుటం 1968లో వెలువడింది. ఇప్పటికీ ఆ రంగంలో అది ప్రమాణ గ్రంథమే. కెర్నిగాన్, రిచీ కలిసి సీ భాష మీద రాసిన గ్రంథం 1978లో వచ్చింది, రెండవ కూర్పు 1988లో, ఇప్పటికీ చదువుతున్నారు. మీటలెక్కడున్నాయో చెప్పే పుస్తకం పాతబడుతుంది. ఆలోచన ఎట్లా సాగాలో చెప్పే పుస్తకం పాతబడదు. మన దుకాణాల్లోని చమత్కారమేమంటే, త్వరగా పాతబడే రకమే అక్కడుంది. పాతబడనిది “బయటి పుస్తకం” అయింది.

మూడవ ఆక్షేపణ ఇటీవలిది: ఇప్పుడు అడిగితే యంత్రమే ప్రోగ్రాము రాసిపెడుతున్నది, ఇక మనిషి నేర్చుకోవడమెందుకు? లెక్కల పుస్తకం చివర జవాబులున్నంత మాత్రాన లెక్క నేర్చుకోవడం అనవసరమని ఎవరూ అనరు. యంత్రం రాసిపెట్టినది తప్పో వొప్పో తేల్చవలసినవాడు మనిషి. ఆ తేల్చే శక్తి లేనివాడు యంత్రానికి యజమాని కాలేడు. దాని వెనక వున్నవారికి కూలివాడవుతాడు. కాబట్టి ఈ మార్పు పుస్తకం అవసరాన్ని తగ్గించలేదు. అవసరమైన పుస్తకం ఏదో మరింత స్పష్టం చేసింది.

ఆక్షేపణలను ఇక్కడితో వదిలి, అసలు మన చేతుల్లో తిరుగుతున్న గ్రంథాల సంగతి చూద్దాం.

సీ భాషనే ఉదాహరణగా తీసుకుంటాను. మన కళాశాలల్లో చాలాకాలం ప్రోగ్రామింగ్‌కు ఓనమాలు దానితోనే దిద్దించారు. ఆ భాషను సృష్టించిన డెనిస్ రిచీ స్వయంగా పాలుపంచుకున్న గ్రంథం పైన చెప్పినది. రెండవ కూర్పు కూడా మూడువందల పేజీలు దాటదు. అందులో అనవసరమైన వాక్యం దొరకడం కష్టం. ప్రతి అధ్యాయంలోనూ ఉదాహరణ చిన్నదిగా మొదలై పాఠకుని కళ్లముందే పెరుగుతుంది. అభ్యాసాలకు జవాబులుండవు, పాఠకుడు తలబద్దలు కొట్టుకోవలసిందే. శైలి దృష్ట్యా దీన్ని శాస్త్రవాఙ్మయంలో వొక శ్రేష్ఠ రచన అనవచ్చు. ఐతే ఒక లోపం చెప్పాలి. లోపమనడం కంటే, అది ఎవరికోసం రాశారో చెప్పాలి. చలరాశి అంటే ఏమిటో, వొకే పనిని మళ్లీమళ్లీ చేయించడమంటే ఏమిటో అంతకుముందే కొంత తెలిసినవారికోసం రాశారు. మన కుర్రవానికి అది రెండో మెట్టు. మొదటి మెట్టు మరెవరో వేయాలి.

ఆ మొదటి మెట్టు వేసినవారిలో ఇద్దరు భారతీయులను గౌరవంతో పేర్కొనాలి. యశవంత్ కనేత్కర్ ‘లెట్ అజ్ సీ’, బాలగురుసామి ‘ప్రోగ్రామింగ్ ఇన్ ఆన్సీ సీ’ దేశమంతటా విద్యార్థుల చేతుల్లో అరిగిపోయిన పుస్తకాలు. మన జిల్లా పట్టణాల్లో కూడా సిలబస్ పుణ్యమా అని అవి దొరికాయి. వీటిని తేలికచేసి మాట్లాడటం కొందరు విద్యాధికులకు అలవాటు. ఆ అలవాటు నాకు లేదు. కనేత్కర్ పాఠకునితో మాట్లాడతాడు, భుజం తడతాడు, భయం పోగొడతాడు. పెద్ద పుస్తకాల రచయితలు చేయని పని ఇది.

ఐనా వొక విషయం గమనించండి. కనేత్కర్ తన పుస్తకం మొదట్లో సీ భాష నేర్చుకోవడాన్ని ఇంగ్లీషు నేర్చుకోవడంతో పోలుస్తాడు. ముందు అక్షరాలు, తర్వాత పదాలు, తర్వాత వాక్యాలు, ఆపైన పేరాలు. సీ భాషకూ మెట్లు ఇట్లాగే వున్నాయంటాడు. ఉపమానం చక్కనిది. ఇంగ్లీషు సునాయాసంగా వచ్చినవానికి దారి చూపే దీపం వంటిది. కాని ఇంగ్లీషులోనే తడబడుతున్న తెలుగు మాధ్యమం విద్యార్థికి ఆ దీపమే చీకటి. తెలిసినదానితో పోల్చి తెలియనిదాన్ని చెప్పడం ఉపమానం లక్షణం. ఇక్కడ తెలియనిదానితో పోల్చి తెలియనిదాన్ని చెప్పినట్టవుతున్నది. తప్పు రచయితది కాదు. ఆయన ఆ పాఠకుని కోసం రాయలేదు. ఆ పాఠకుని కోసం ఎవరూ రాయలేదన్నదే నా ఫిర్యాదు.

వీటి తరువాతి శ్రేణి గైడ్లు. ఇవి గ్రంథాలు కావు, గ్రంథాల నీడలు. బోర్లాండ్ కంపెనీ 1987లో విడుదల చేసిన టర్బో సీ అనే పనిముట్టు డాస్ కాలం నాటిది. తెర తుడవడానికీ, మీట నొక్కేదాకా ఆగడానికీ అందులో ప్రత్యేకమైన ఆజ్ఞలుండేవి. అవి సీ భాష ప్రమాణంలో లేవు. ఆ భాషకు ప్రమాణం 1989లో ఏర్పడింది, అటు తర్వాత పలుమార్లు సవరించారు. ప్రపంచం ఎన్నో ఏళ్లు ముందుకు పోయిన తర్వాత కూడా మన గైడ్లలో ప్రతి ప్రోగ్రామూ ఆ పాత ఆజ్ఞలతోనే మొదలై వాటితోనే ముగిసేది. వాటి అర్థమేమిటని అడిగిన విద్యార్థికి “అట్లా రాయాలి, అంతే” అన్నదే జవాబు. అర్థం తెలియని మంత్రాన్ని తప్పు పోకుండా వల్లించడం మన దేశానికి కొత్త విద్య కాదు. తర్కం తప్ప వేరే ఆధారం లేని శాస్త్రాన్ని కూడా మనం మంత్రపాఠం చేయగలిగామంటే, గైడు అనే ప్రక్రియకు ఎంత శక్తి వుందో తెలుస్తుంది.

చివరిది జిరాక్సు నోట్సు. హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల వీధులు తెలియని తెలుగు ప్రోగ్రామరు అరుదు. అక్కడ పేరుపొందిన శిక్షకుల పాఠాలను ఎవరో విద్యార్థి గుండ్రని దస్తూరితో రాసుకుంటాడు. ఆ రాతప్రతి జిరాక్సై, కుట్టబడి, వందల చేతులు మారుతుంది. సాహిత్య చరిత్ర చదివినవారికి ఇది వింతగా తోచదు. అచ్చుకు పూర్వం తాళపత్రాలు ఇట్లాగే నకళ్లుగా తిరిగేవి. అచ్చు యంత్రాలు గంటకు వేల ప్రతులు తీసే ఈ కాలంలో, దేశంలోకెల్లా ఆధునికమైన విద్య మాత్రం రాతప్రతుల యుగంలో వుండిపోయింది! ఆ నోట్సును నేను నిందించను. అందులో కొన్నిచోట్ల గైడులో లేని ప్రాణముంది, ఎందుకంటే దాని వెనక వొక మనిషి గొంతు వుంది. కాని అది ఇంటర్వ్యూ కోసం పుట్టింది. ఇంటర్వ్యూలో అడగనిది అందులో వుండదు. సిలబస్ గోడ దాటి బయటికి వచ్చామనుకున్నవానికి అక్కడ ఉద్యోగం గోడ ఎదురవుతుంది.

ఇట్లా ఎందుకు జరిగింది? దుకాణదారు లెక్కలోనే సగం జవాబుంది. చిన్న పట్టణంలో పుస్తక వ్యాపారం కాలేజీలు తెరిచిన మొదటి నెలల్లోనే సాగుతుంది. సిలబస్ పుస్తకానికి వంద మంది కొనుగోలుదార్లు ఖాయం. బయటి పుస్తకానికి వొక్కడు వస్తాడో రాడో. అమ్ముడుపోనిది పంపిణీదారు వెనక్కు తీసుకోకపోతే పెట్టుబడి దుమ్ము పట్టిపోతుంది. అచ్చు పుస్తకం మీద జి.యస్.టి. లేదు, నిజమే, కాని పన్ను లేనంత మాత్రాన పుస్తకం తనంతట తాను బస్సెక్కి రాదు. పాశ్చాత్య ప్రచురణకర్తల గ్రంథాలు మన ఉపఖండానికని వేసే చౌక ముద్రణలు అమెరికా ధరకంటే చాలా తక్కువకే దొరుకుతాయి. అవైనా పెద్ద నగరాల దాకానే వస్తాయి. అక్కడినుంచి ఇవతలికి వచ్చేది సిలబస్ మాత్రమే. నగరంలో పాత పుస్తకాల బజారైనా వుంది: కోఠీలో ఇంజనీరింగ్ పుస్తకాల అంగళ్లు, అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే దుకాణాలు. మండల కేంద్రంలో అదీ లేదు.

మిగతా సగం జవాబు మన దగ్గరే వుంది. అది చెప్పుకోవడానికి మనం సంకోచించకూడదు.

సోవియట్ పుస్తకాల కాలం మనలో పెద్దలందరికీ గుర్తే. మాస్కోలో అచ్చయిన గ్రంథాలు విశాలాంధ్ర దుకాణాల్లోనూ, వూరూరా తిరిగే పుస్తకాల బండ్లలోనూ కొద్ది రూపాయలకు దొరికేవి. మీర్ ప్రచురణాలయం బడిపిల్లల కోసం ఇంగ్లీషులో వేసిన చిన్న గణిత పుస్తకాల వరసలో ఉస్పెన్‌స్కీ రాసిన ‘పోస్ట్స్ మెషీన్’ వొకటి. నా దగ్గరున్న ప్రతి అబిడ్స్ ఫుట్‌పాత్ మీద కొన్నది. ఎమిల్ పోస్ట్ అనే గణితవేత్త 1936లో కాగితం మీద ఊహించిన యంత్రం గురించిన పుస్తకమది. అంతులేని పట్టీ, దాని మీద గళ్లు. గడిలో గీత వుంటుంది, లేదా వుండదు. యంత్రానికి తెలిసిన ఆజ్ఞలు ఆరే: ఎడమకు జరుగు, కుడికి జరుగు, గీత పెట్టు, గీత చెరుపు, గీత వుందో లేదో చూసి దాన్నిబట్టి ఫలానా ఆజ్ఞకు పో, ఆగు. ఈ ఆరింటితో కూడిక ఎట్లా చేయించాలో పిల్లవానిచేత ఆలోచింపజేస్తుంది ఆ చిన్ని పుస్తకం. కంప్యూటరు అక్కర్లేదు. గళ్ల కాగితమూ పెన్సిలూ చాలు. ప్రోగ్రామింగ్ అంటే యంత్రం కొనుక్కోగలిగినవాళ్ల విద్య కాదనీ, ఆలోచించగలిగినవాళ్ల విద్య అనీ ఇంతకంటే బలంగా రుజువు చేసిన పుస్తకాన్ని నేనెరగను.

1991తో ఆ సరఫరా ఆగిపోయింది. అల్మారా ఖాళీ అయింది. అప్పటినుంచీ మనం ఆ పుస్తకాలను తలచుకుని నిట్టూర్చడం వొక అలవాటు చేసుకున్నాం. కాని మనల్ని మనం అడగవలసిన ప్రశ్న ఇది: ఆ అల్మారా మనది ఎప్పుడైంది? మరొక దేశపు ప్రభుత్వం తన ఖర్చుతో నింపిన అల్మారా అది. దాన్ని అరువుగా గుర్తించి, అది వున్నన్నాళ్లలో మన రచయితలనూ అనువాదకులనూ ముద్రణనూ ఆ పనికి సిద్ధం చేసుకుని వుంటే, 1991లో మనం అనాథలమయ్యేవాళ్లం కాదు. నవలల అనువాదాలను తిరగ అచ్చు వేసుకున్నాం. శాస్త్రగ్రంథాల సంగతి మరిచిపోయాం. సాహిత్యమంటే కవిత్వమూ కథా అన్న సంకుచిత దృష్టి మనకూ వుందనడానికి ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు.

మన పూర్వులకు ఆ దృష్టి లేదు. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1906లో విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినప్పుడు చరిత్రతోపాటు ప్రకృతి శాస్త్రాలను కూడా తెలుగు పాఠకునికి అందించడం తమ బాధ్యత అనుకున్నారు. తెలుగులో పరిభాష లేదని వారు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. రాస్తూ పరిభాషను తయారుచేశారు. ఈనాడు మన పరిస్థితి వారికంటే ఎంతో నయం. తెలుగు పిల్లవాడు సమితి, ప్రమేయం, మాత్రిక అంటే ఏమిటో తెలుగులోనే నేర్చుకుంటున్నాడు. 2014 దాకా చదివినవారు పదోతరగతి లెక్కల పుస్తకం చివర కంప్యూటర్ గణన మీద వొక అధ్యాయం కూడా చదివారు. డబ్బాలూ బాణాలూ గీసి, లెక్క ఏ మెట్టు తర్వాత ఏ మెట్టుగా సాగాలో తెలుగులోనే రాశారు. పునాది తెలుగులో పడింది. ఆ పునాది మీద గోడ మాత్రం లేవలేదు. డిగ్రీలో చేరగానే ప్రమేయం ‘ఫంక్షన్’ అవుతుంది. రెండూ వొకటేనని చెప్పేవారుండరు. తనకు తెలిసిన వస్తువునే తెలియని వస్తువుగా చూసి విద్యార్థి బెదిరిపోతాడు.

నేను ఇంగ్లీషు మాటలను తరిమివేయమనడం లేదు. కంప్యూటరు, ప్రోగ్రాము, ఫైలు, మెమరీ ఇప్పుడు తెలుగు మాటలే. ఫంక్షన్ అనే రాయండి. కాని అది మీరు లెక్కల్లో చదివిన ప్రమేయం వంటిదేనని వొక్క వాక్యం చేర్చండి. ఎక్కడ అట్లాంటిదో, ఎక్కడ కాదో మరొక వాక్యంలో చెప్పండి. ఈ రెండు వాక్యాలు ఏ ఇంగ్లీషు గ్రంథకర్తా రాయలేడు. 2021లో అఖిల భారత సాంకేతిక విద్యామండలి తెలుగుతో సహా కొన్ని భారతీయ భాషల్లో ఇంజనీరింగ్ బోధనకు అనుమతించి, పాఠ్యగ్రంథాల అనువాదాలు చేయించింది. ఆ ప్రయత్నం హర్షించదగ్గదే. కాని వాక్యానికి వాక్యంగా మార్చినంత మాత్రాన పుస్తకం తెలుగు పుస్తకం కాదు. తెలుగు పాఠకుడు ఎక్కడ తడబడతాడో ఎరిగి రాసినది తెలుగు పుస్తకం. అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో డిగ్రీ చదువును ఇంగ్లీషు మాధ్యమానికి మార్చారు. ఒక చేత్తో తలుపు తీసి, మరొక చేత్తో ఆ తలుపుదాకా వచ్చే దారి మూసినట్టయింది.

ఇక చేయవలసిన పనులు. సమస్యను వర్ణించి వూరుకోవడం సులువు కాబట్టి, చేతనైన మూడు పనులు సూచిస్తాను.

మొదటిది గ్రంథాలయాలకు సంబంధించినది. 1914లో విజయవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ జరిగింది. 1935లో కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే పాఠకుని దగ్గరికి పోవాలన్నది ఆనాటి సూత్రం. 1960 నాటి గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్ను మీద రూపాయికి ఎనిమిది పైసల సెస్సు ఈనాటికీ వసూలవుతున్నది. ఆ సొమ్మును స్థానిక సంస్థలు గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమచేయడం లేదన్నది పత్రికల్లో తరచు వచ్చే వార్త. శాఖా గ్రంథాలయంలో పోటీపరీక్షల పుస్తకాలకు వొక అల్మారా వుంది, వుండవలసిందే. దాని పక్కన ప్రోగ్రామింగ్‌కు వొక్క అర కావాలని అడగడం గొంతెమ్మ కోరిక కాదు. ఇరవై పుస్తకాలు చాలు. మనం కట్టిన పన్నుతో మన పిల్లలకు కావలసినది అడుగుతున్నాం.

రెండవది జిరాక్సుకు సంబంధించినది. ప్రపంచ ప్రసిద్ధ గ్రంథాల్లో కొన్నింటిని రచయితలే ప్రజలపరం చేశారు. అలెన్ డౌనీ ‘థింక్ పైథాన్’ అటువంటిది. వ్యాపారం కోసం కాని పక్షంలో నకలు తీసుకోవచ్చు, అనువదించుకోవచ్చు. దాన్ని కళాశాలలోనే అచ్చు తీసి కుట్టి పంచడానికి ఏ చట్టమూ అడ్డు కాదు. చట్టం మాట వచ్చింది కాబట్టి మరొకటి గుర్తుచేస్తాను. 2012లో ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ వంటి ప్రచురణ సంస్థలు ఢిల్లీ విశ్వవిద్యాలయం ఆవరణలోని వొక జిరాక్సు దుకాణం మీద దావా వేశాయి. 2016లో ఢిల్లీ హైకోర్టు ఆ దావాను కొట్టివేసింది. బోధన కోసం పాఠ్యభాగాల నకళ్లు తీయడం కాపీరైటు చట్టం అనుమతించినదేనన్నది దాని సారాంశం. జిరాక్సు యంత్రం పాపం చేయలేదు. ఏది నకలు తీయాలో ఇన్నాళ్లూ పరీక్ష నిర్ణయించింది. ఇకనుంచి అధ్యాపకుడు నిర్ణయించాలి.

మూడవది మనకు, రచయితలకు, సంబంధించినది. ప్రోగ్రామింగ్ తెలిసిన తెలుగువారికి కొదవ లేదు. ప్రపంచం నలుమూలలా వున్నారు. వారిలో తెలుగు రాయగలవారూ వున్నారు. కథలు రాస్తున్నారు, కవితలు రాస్తున్నారు. తమకు అన్నం పెట్టిన విద్య గురించి మాత్రం తెలుగులో రాయడం లేదు. రాయాలన్న ఆలోచన వారికి రాకపోవడానికి మన పత్రికలు కొంత కారణం. మనం అటువంటి రచనను అడగలేదు, అచ్చు వేయలేదు, సమీక్షించలేదు. ఈ పత్రికలో వచ్చే ప్రతి సంచికకూ వొక శాస్త్రగ్రంథ సమీక్ష వుండాలనీ, నూరు పేజీలు మించని ప్రోగ్రామింగ్ వాచకం వొకటి తెలుగులో రావడానికి సంఘం పూనుకోవాలనీ నా ప్రతిపాదన. అది పరీక్ష కోసం కాకూడదు, ఇంటర్వ్యూ కోసం కాకూడదు. గళ్ల కాగితమూ పెన్సిలూ వున్న ఏ పిల్లవాడైనా మొదలుపెట్టగలిగినదై వుండాలి.

ఆ రోజు దుకాణంనుంచి వట్టిచేతులతో తిరిగి వచ్చాక, నా దగ్గరున్న ‘పోస్ట్స్ మెషీన్’ ఆ కుర్రవానికిచ్చాను. అది అతను అడిగిన పుస్తకం కాదు. ఇంగ్లీషు కూడా అతనికి కొంత కష్టమే. వారం తర్వాత గళ్ల పుస్తకం నిండా పట్టీలు గీసుకుని వచ్చాడు. కూడిక చేయించాడు. తీసివేతలో వొకచోట యంత్రం ఆగకుండా తిరుగుతున్నది, ఎందుకో తెలియలేదు. ఇద్దరం కూర్చుని గంటన్నర వెతికాం. తప్పును అతనే పట్టుకున్నాడు, నేను కాదు. డేటా స్ట్రక్చర్ల పుస్తకం మాత్రం అతనికి ఇంకా దొరకలేదు.